గడప నుంచి గడప దాకా: లండన్ ప్రయాణంపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం లండన్ గురించే. పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దలు కొందరు, సెలవులకు వెళ్లాలనుకునే కుటుంబాలు కొన్ని. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం. రూపాయల్లోకి మార్చిన చోట పౌండు 120 రూపాయలుగా లెక్క కట్టాం.

ప్రశ్న: నేనూ మావారూ రిటైర్డ్ టీచర్లం. మా అమ్మాయి లండన్‌లో హౌన్‌స్లో దగ్గర ఉంటోంది. హైదరాబాద్ నుంచి నేరు విమానానికి మనిషికి 68 వేలు, గల్ఫ్ మీదుగా అయితే 56 వేలు చెబుతున్నారు. గల్ఫ్ టికెట్‌లో మధ్యలో 11 గంటల ఆగుడు, దిగేది స్టాన్‌స్టెడ్‌లో, రాత్రి పదకొండింటికి. ఇద్దరికీ 24 వేలు మిగులుతుంది కదా అని ఆలోచన. – బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, ఆ 24 వేలు మీ చేతిలో మిగలవు. టికెట్ మీద అంకెను పక్కన పెట్టి, బ్రాడీపేటలో ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి హౌన్‌స్లోలో అమ్మాయి తలుపు తీసేదాకా ఎంతవుతుందో కాగితం మీద వేయండి. లండన్ పేరుతో ఆరు విమానాశ్రయాలున్నాయి. హౌన్‌స్లో నగరానికి పడమట, హీత్రో పక్కనే. స్టాన్‌స్టెడ్ ఈశాన్యాన, నగరానికి బాగా అవతల. రాత్రి పదకొండింటికి దిగి, ఇమిగ్రేషన్ ముగించుకుని, పెట్టెలు తీసుకుని బయటికొచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఆ వేళప్పుడు నాలుగు పెట్టెలతో రైళ్లు మారలేరు. టాక్సీ అంటే వంద పౌండ్ల దగ్గర, అంటే 12 వేలు. సగం అక్కడే పోయింది. 11 గంటల ఆగుడులో ఇద్దరి తిండికి, టీ నీళ్లకు గల్ఫ్ విమానాశ్రయం ధరల్లో మూడు వేలైనా అవుతాయి. ఇక సామాను. చౌక టికెట్లలో ఉచిత బరువు తక్కువ ఉంటుంది. అమ్మాయికి పట్టుకెళ్లేవన్నీ సర్దాక పెట్టె పది కిలోలు ఎక్కువ తూగితే మిగిలింది కూడా కౌంటర్ దగ్గర కట్టేస్తారు.

మీ వయసుకు, మీ సామానుకు నేరు విమానమే చౌక. హీత్రోలో దిగితే హౌన్‌స్లోకు పికడిల్లీ లైన్ రైలు నాలుగైదు స్టేషన్లే, అమ్మాయి ఎదురొచ్చి తీసుకెళ్లవచ్చు.

అదే గల్ఫ్ టికెట్ హీత్రోలోనే దిగేదై, మధ్యలో ఆగుడు రెండు నుంచి నాలుగు గంటలే ఉంటే మా సలహా మారుతుంది. అప్పుడు 12 వేల తేడా నిజమైన తేడా. రెండు గంటల కన్నా తక్కువ ఆగుడు మాత్రం వద్దు. హైదరాబాద్‌లో విమానం నలభై నిమిషాలు ఆలస్యమైతే అవతల పరుగులు పెట్టాలి. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్‌లో ఉన్నాయా లేదా అన్నది కొనే ముందే చూడండి. ఒకే పీఎన్ఆర్ అయితే రెండోది తప్పినా తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్స్‌దే. విడివిడి టికెట్లయితే రెండో టికెట్ డబ్బు పోయినట్టే.

ప్రశ్న: టికెట్ ఎప్పుడు కొంటే తక్కువకొస్తుంది? అర్ధరాత్రి కొనాలని, మంగళవారం కొనాలని రకరకాలుగా చెబుతున్నారు. – పటమట, విజయవాడ

జవాబు: కొనే వారం కన్నా వెళ్లే నెల ముఖ్యం. ఏప్రిల్ చివర్నుంచి జూన్ దాకా మన స్కూలు సెలవులు. జులై, ఆగస్టు అక్కడి సెలవులు. డిసెంబరు రెండో వారం నుంచి క్రిస్మస్ రద్దీ. వీటికి తోడు హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు ఇంకో రద్దీ ఉంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. బ్రిటన్ యూనివర్సిటీలు సెప్టెంబరులో, జనవరిలో తెరుస్తారు. ఆగస్టు చివర్నుంచి సెప్టెంబరు మూడో వారం దాకా మన పిల్లలే విమానాలు నింపేస్తారు. కాబట్టి పెద్దలకు వీలైన నెలలు ఫిబ్రవరి, మార్చి, మళ్లీ అక్టోబరు, నవంబరు. చలి భయం ఉంటే అక్టోబరు మొదటి సగం ఎంచుకోండి.

వెదకడానికి గూగుల్ ఫ్లైట్స్, స్కైస్కానర్ వంటివి చాలు. తేదీల పట్టిక తెరిచి వెళ్లే రోజు, వచ్చే రోజు అటూ ఇటూ మూడేసి రోజులు జరిపి చూడండి. శుక్ర, ఆదివారాలు వదిలితేనే తేడా తెలుస్తుంది. ధర కదలిక తెలిపే అలర్ట్ పెట్టుకుని, మూడు నెలల ముందు నుంచి గమనించండి. రానుపోను కలిపే కొనండి. ఇలాంటి దూరపు రూట్లలో రెండు ఒంటిదారి టికెట్లు చాలాసార్లు ఎక్కువకే పడతాయి.

వెదికింది ఎక్కడైనా, కొనడం మాత్రం ఎయిర్‌లైన్స్ సొంత సైట్‌లో. వెయ్యి, పదిహేను వందల తేడాకు మధ్యవర్తి సైట్‌లో కొంటే, తేదీ మార్చాల్సి వచ్చినప్పుడు ఎయిర్‌లైన్స్ వాళ్లు మీ ఏజెంట్‌నే అడగమంటారు, ఏజెంటు ఎయిర్‌లైన్స్ మీదికి నెడతాడు. మధ్యలో నలిగేది మీరు.

ప్రశ్న: గన్నవరం నుంచే వెళ్లొచ్చు కదా, శంషాబాద్ దాకా రోడ్డు మీద ఎందుకు? – భవానీపురం, విజయవాడ

జవాబు: గన్నవరం నుంచి ఢిల్లీ మీదుగా లండన్ దాకా ఒకే పీఎన్ఆర్‌తో టికెట్ దొరికితే అది హాయి. సామాను గన్నవరంలో ఇస్తే లండన్‌లో తీసుకుంటారు, ఇమిగ్రేషన్ ఢిల్లీలో. ఒక్క జాగ్రత్త: డిసెంబరు మధ్య నుంచి జనవరి దాకా ఢిల్లీలో తెల్లవారుజామున పొగమంచు. ఆ రోజుల్లో ఢిల్లీ మీదుగా వెళ్లేవాళ్లు ఆగుడు ఐదారు గంటలుండేలా చూసుకోండి.

ఇబ్బంది ఎక్కడంటే, గన్నవరం నుంచి హైదరాబాద్‌కు విడిగా చౌక టికెట్ కొని, అక్కణ్నుంచి లండన్‌కు వేరే టికెట్ కొన్నప్పుడు. దేశీయ విమానంలో మామూలు టికెట్‌కు పెట్టెలో వేసే సామాను 15 కిలోలే. లండన్ టికెట్ మీద 46 కిలోలు ఉన్నా గన్నవరం కౌంటర్‌లో అది చెల్లదు. 31 కిలోలకు, కిలోకు వందల చొప్పున కట్టాలి. కట్టిన డబ్బుతో శంషాబాద్‌కు కారు మాట్లాడుకోవచ్చు. పైగా హైదరాబాద్‌లో పెట్టెలు తీసుకుని మళ్లీ మొదట్నుంచి చెకిన్.

రోడ్డు మీద వెళ్లేవాళ్లు పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేయండి. సిటీలోకి వెళ్లకుండా శంషాబాద్ చేరతారు. బెంజి సర్కిల్ నుంచి ఐదారు గంటలు. బస్సులో వెళ్తే ఎల్బీనగర్‌లో దిగి, విమానాశ్రయానికి వెళ్లే పుష్పక్ బస్సు పట్టుకోవచ్చు. గుంటూరువాళ్లకు నడికుడి మీదుగా సికింద్రాబాద్ రైళ్లున్నాయి, సికింద్రాబాద్ నుంచీ పుష్పక్ ఉంది. ఎలా వెళ్లినా విమానానికి ఐదు గంటల ముందు విమానాశ్రయంలో ఉండేలా బయల్దేరండి. కౌంటర్ మామూలుగా గంట ముందే మూసేస్తారు. సంక్రాంతి తిరుగు రద్దీలో, కనుమ తర్వాత రెండు మూడు రోజులు, పంతంగి టోల్‌గేటు దగ్గర గంటలు గంటలు నిలిచిపోతారు. ఆ రోజుల్లో ప్రయాణం పడితే ముందు రోజే వెళ్లి హైదరాబాద్‌లో పడుకోవడం మేలు.

తెనాలి, బాపట్ల, ఒంగోలు వైపువాళ్లు చెన్నై కూడా చూడండి. చెన్నై సెంట్రల్‌లో రైలు దిగి కిందికెళ్తే మెట్రో, అదే రైలు విమానాశ్రయం దాకా పోతుంది.

ఇంకోటి. టికెట్ మీద 15వ తేదీ 02.30 అని ఉంటే మీరు ఇల్లు వదలాల్సింది 14వ తేదీ మధ్యాహ్నం. 15 సాయంత్రం బయల్దేరి టికెట్ పోగొట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. క్యాలెండర్‌లో 14కే సున్నా చుట్టండి.

ప్రశ్న: మాకు ఆరెకరాల మిర్చి సాగు, ఐటీ రిటర్న్‌లు లేవు. మా అబ్బాయిని చూడ్డానికి విజిట్ వీసా కావాలి. అకౌంట్‌లో పది లక్షలు నెల రోజులు ఉంచి చూపిస్తే వీసా ఖాయమని ఏజెంటు అంటున్నాడు, వడ్డీకి వాళ్లే సర్దుతారట. – ప్రత్తిపాడు, గుంటూరు జిల్లా

జవాబు: ఆ పని చేయకండి. వీసా రాకుండా పోవడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. వీసా అధికారి చూసేది నిల్వను కాదు, ఆ డబ్బు ఎక్కడిదన్నది. ఆరు నెలల స్టేట్‌మెంట్‌లో ఎప్పుడూ నలభై, యాభై వేలు తిరిగే ఖాతాలో ఒక్కరోజు పది లక్షలు పడితే మొదటి ప్రశ్న దాని మీదే. జవాబు లేకపోతే తిరస్కరణ. ఫీజు వెనక్కి రాదు, విజిట్ వీసాకు అప్పీలు లేదు. దొంగ కాగితం పెట్టినట్టు తేలితే పదేళ్లు దరఖాస్తు చేసే దారే మూసుకుపోతుంది.

మీ నిజమైన ఆదాయమే మీకు బలం, దాన్ని కాగితాల మీద చూపించాలి. పట్టాదారు పాసు పుస్తకం, 1-బి, అడంగల్. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారి ఇచ్చిన అమ్మకం చీటీలు, ఆ డబ్బు ఖాతాలో పడిన తేదీలు. కోల్డ్ స్టోరేజీలో సరుకు ఉంటే దాని బాండు. పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లే పడుతుంది కాబట్టి మీకు ఆరు నెలల స్టేట్‌మెంట్ చాలదు, ఏడాదిది పెట్టండి. ఏ నెలలో ఏం అమ్మితే ఎంత వచ్చిందో ఒక పేజీలో రాసి జత చేయండి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం ఉండాలి. అనువదించినవారి పేరు, సంతకం, తేదీ, ఫోన్ లేదా చిరునామా, ఇది సరైన అనువాదమని ధ్రువీకరణ దాని మీద ఉండాలి. ఇది లేక మంచి కాగితాలు కూడా లెక్కలోకి రాకుండా పోతాయి.

ఖర్చు మీ అబ్బాయి పెట్టుకుంటే అతని ఆహ్వాన లేఖ, మూడు నుంచి ఆరు నెలల జీతం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఇంటి అద్దె ఒప్పందం, అక్కడ ఉండే హక్కు చూపే రుజువు పెట్టండి. మీరు తిరిగి వస్తారనడానికి పొలం, ఇక్కడున్న కుటుంబం, తర్వాతి పంట పనులే సాక్ష్యం. మిర్చి నారు వేసే వేళకు తిరిగొస్తామని రాస్తే అంతకు మించిన కారణం అక్కర్లేదు.

దరఖాస్తు బ్రిటన్ ప్రభుత్వ సైట్‌లో, ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి చేయవచ్చు. ఆరు నెలల విజిట్ వీసా ఫీజును 2025 ఏప్రిల్‌లో 127 పౌండ్లకు పెంచారు. ఫీజులు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు రోజు సైట్‌లో ఉన్నదే కట్టాలి. పసిపిల్లలకూ విడిగా ఫీజే. వేలిముద్రలు హైదరాబాద్‌లో వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ సంస్థ కేంద్రంలో ఇవ్వాలి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు ఎస్సెమ్మెస్, కొరియర్, ప్రత్యేక సమయం అంటూ డబ్బులు కట్టే సేవలు చూపిస్తారు. అవేవీ తప్పనిసరి కాదు. వేలిముద్రలిచ్చాక మామూలుగా మూడు వారాల్లో నిర్ణయం వస్తుంది. అది వచ్చేదాకా విమానం టికెట్ కొనకండి. టికెట్ చూపిస్తేనే వీసా అన్న నియమం లేదు, ఎప్పుడు వెళ్లి ఎప్పుడు వస్తారో తేదీలు రాస్తే చాలు.

ప్రశ్న: నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంది. టికెట్ సైటు ఇంటిపేరు లేనిదే ముందుకు పోవడం లేదు. – తాడేపల్లి

జవాబు: మన వైపు పాత పాస్‌పోర్టుల్లో ఇది మామూలే. ఇంటిపేరు మీకు మీరే కల్పించి టికెట్‌లో వేయకండి. టికెట్ మీద పేరు, పాస్‌పోర్టు మీద పేరు కలవకపోతే కౌంటర్‌లో ఆపేస్తారు. గివెన్ నేమ్‌నే రెండు గడుల్లోనూ వేయమని కొన్ని ఎయిర్‌లైన్స్, ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అనే మూడక్షరాలు వేయమని కొన్ని చెబుతాయి. మీ ఎయిర్‌లైన్స్ కస్టమర్ కేర్‌ను అడిగి, వాళ్లు చెప్పింది ఈమెయిల్‌లో తెప్పించుకుని దాచుకోండి. ఒకే పదం పేరున్న పాస్‌పోర్టుతో దుబాయ్‌లో విజిట్ వీసా మీద బయటికి వెళ్లడానికి 2022 నవంబరు నుంచి ఆంక్షలున్నాయి. దారిలో రెండు రోజులు దుబాయ్ చూద్దామనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

తీరిక ఉంటే పాస్‌పోర్టునే సరిచేయించుకోవడం అసలైన మందు. విజయవాడ పాస్‌పోర్టు సేవా కేంద్రంలో రీఇష్యూకు 36 పేజీలకు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. వీసాకు ముందే చేయించాలి, తర్వాత కాదు.

ప్రశ్న: ఆవకాయ, గోంగూర, కారం, నెయ్యి, పూతరేకులు, కోడి పచ్చడి పట్టుకెళ్లాలి. ఏవి పోతాయి, ఏవి పోవు? – మంగళగిరి

జవాబు: ఆవకాయ, గోంగూర, పండుమిర్చి, కారం, కందిపొడి, జంతికలు, చెక్కలు పోతాయి. కోడి పచ్చడి, మటన్ పచ్చడి పోవు. మన దేశం నుంచి బ్రిటన్‌లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. కాబట్టి నెయ్యి, పాలకోవా కూడా అంతే. పూతరేకుల్లో నెయ్యి ఉంటుంది, మానేయడమే మంచిది. పట్టుబడితే తీసేసుకుంటారు. అమ్మ చేతి నెయ్యి అయినా వాళ్లకు ఒకటే. తాజా కూరగాయలు, ఆకుకూరల్లో చాలావాటికి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, వాటి జోలికి వెళ్లకండి.

గల్ఫ్ మీదుగా వెళ్లేవాళ్లకు గట్టి హెచ్చరిక: గసగసాలు వద్దే వద్దు. మన వంటింట్లో అవి మసాలా దినుసు, యూఏఈలో నిషేధిత పదార్థం. మసాలా పొడిలో కలిపినా అంతే. ఎండు కొబ్బరి కూడా తీసేయండి. అందులోని నూనెకు నిప్పు అంటుకునే గుణం ఉందని విమాన భద్రతా నిబంధనలు దాన్ని ఒప్పుకోవు. కొబ్బరి కారంగా దంచి పట్టుకెళ్లవచ్చా అని కొందరు అడిగారు. ఆ పొడిని అక్కడే చేసుకోవడం సులువు, లండన్‌లో కొబ్బరికి కరువు లేదు.

పచ్చళ్లు, కారం చేతిసంచీలో పెట్టకండి. నూనె ఉన్న పచ్చడి ద్రవం కిందికొస్తుంది, 100 మిల్లీలీటర్లు దాటితే తీసేస్తారు. కారంపొడిని అసలే ఒప్పుకోరు. అన్నీ పెద్ద పెట్టెలోనే.

సర్దడంలోనే సగం మంది దెబ్బ తింటారు. గాజు సీసా వద్దు. అరకిలో ప్లాస్టిక్ డబ్బాలు తీసుకుని మెడ దాకా నింపకుండా వేలెడు ఖాళీ ఉంచండి. పైకి తేలిన నూనె ఎక్కువగా ఉంటే గరిటెతో తీసేయండి. కారేది ముక్క కాదు, నూనె. డబ్బా మూతి మీద పల్చటి ప్లాస్టిక్ కవరు రెండు మడతలు పరిచి, దాని మీద మూత బిగించి, మూత అంచు చుట్టూ టేపు మూడు చుట్లు వేయండి. డబ్బాను బోర్లించి పాత పేపరు మీద ఒక రాత్రి ఉంచండి. తెల్లారి పేపరు మీద నూనె మరక లేకపోతే ఆ డబ్బా ప్రయాణానికి పనికొస్తుంది, ఉంటే విప్పి మళ్లీ కట్టండి. తర్వాత ఒక్కో డబ్బాను జిప్ కవరులో వేసి, గాలి తీసి, పెట్టె మధ్యలో పాత తువ్వాళ్ల నడుమ నిలబెట్టండి. పట్టుచీరల పక్కన మాత్రం పెట్టకండి. విజయవాడ, గుంటూరు పచ్చళ్ల దుకాణాల్లో విదేశాలకని చెబితే సీలు వేసి ఇస్తారు. అక్కడ కొన్నా ఈ బోర్లించే పరీక్ష ఇంటి దగ్గర చేయండి.

పెట్టె ఒక్కోటి 23 కిలోలన్నప్పుడు ఇంట్లో 22 దగ్గర ఆపండి. ఇంటి తూకానికీ కౌంటర్ తూకానికీ తేడా ఉంటుంది.

ప్రశ్న: హీత్రో నుంచి ఊళ్లోకి ఎలా వెళ్లాలి? ఇద్దరం పెద్దవాళ్లం, పిల్లలు తొమ్మిది, పదమూడేళ్లవాళ్లు. – గవర్నరుపేట, విజయవాడ

జవాబు: హీత్రోలో అన్నింటికన్నా పెద్ద బోర్డులు హీత్రో ఎక్స్‌ప్రెస్‌వి. పదిహేను, ఇరవై నిమిషాల్లో పాడింగ్టన్ చేరుస్తుంది, అప్పటికప్పుడు కొంటే 2025లో మనిషికి 25 పౌండ్ల దాకా ఉండేది. మీకది అక్కర్లేదు. పికడిల్లీ లైన్‌లో గంట లోపే నగరం నడిబొడ్డుకు చేరతారు, పెద్దలకు సుమారు 6 పౌండ్లు. ఎలిజబెత్ లైన్ ఇంకా వేగం, 2025లో 14 పౌండ్ల దగ్గర ఉండేది. పెట్టెలు తక్కువుంటే పికడిల్లీయే తీసుకోండి.

టికెట్ కొనే పని లేదు. కాంటాక్ట్‌లెస్ కార్డు గేటు మీద తాకించి లోపలికి, దిగాక మళ్లీ అదే కార్డు తాకించి బయటికి. దిగేటప్పుడు తాకించడం మర్చిపోతే అత్యధిక ఛార్జీ పడుతుంది. ఒక కార్డు మీద ఒక్క మనిషే, కాబట్టి మీ ఇద్దరికీ రెండు కార్డులు కావాలి. ఒకరు కార్డు, ఇంకొకరు ఫోన్ వాడినా రెండూ వేర్వేరు లెక్కలే. కాబట్టి పొద్దున ఏది తాకిస్తే రోజంతా అదే తాకించండి. అలా చేస్తేనే రోజువారీ గరిష్ఠ పరిమితి వర్తిస్తుంది. నగరం మధ్యలో రోజంతా ఎంత తిరిగినా 9 పౌండ్ల దగ్గర ఆగుతుంది.

తొమ్మిదేళ్ల పిల్లకు పెద్దల వెంట ఉచితం, వెడల్పు గేటులోంచి తీసుకెళ్లండి. పదమూడేళ్ల అబ్బాయికి ఆయిస్టర్ అనే ప్రయాణ కార్డు కొని, స్టేషన్ సిబ్బందిని యంగ్ విజిటర్ డిస్కౌంట్ ఎక్కించమనండి. 14 రోజుల వరకు సగం ఛార్జీ. అడగకపోతే ఎవరూ చెప్పరు.

బస్సు ఛార్జీ 2025లో 1.75 పౌండ్లు, మన లెక్కలో 210 రూపాయలు. మొదటి బస్సు ఎక్కిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా ఆ ఒక్క ఛార్జీయే. బస్సుల్లో 2014 జులై నుంచి నగదు తీసుకోవడం లేదు, నోటు చూపిస్తే ఎక్కనివ్వరు. నగరం చూడ్డానికి వేరే టూరు బస్సు ఎందుకు? ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర 15వ నంబరు ఎక్కి పై అంతస్తులో ముందు సీట్లో కూర్చుంటే సెయింట్ పాల్స్ చర్చి మీదుగా టవర్ ఆఫ్ లండన్ కోట దాకా అన్నీ చూస్తూ వెళ్లవచ్చు.

ప్రశ్న: మా కార్డులు అక్కడ పనిచేస్తాయా? నగదు ఎంత పట్టుకెళ్లాలి? – అరండల్‌పేట, గుంటూరు

జవాబు: బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేస్తేనే పనిచేస్తాయి. అవి ఆఫ్‌లోనే వస్తాయి. ఇంటి దగ్గరే ఆన్ చేసుకోండి. అక్కడ చేద్దామంటే ఓటీపీకి మన సిమ్‌కు సిగ్నల్ అందక ఇరుక్కుంటారు. మామూలు కార్డుకు ప్రతి ఖర్చు మీదా రెండు నుంచి మూడున్నర శాతం మార్కప్, అంటే అదనపు ఛార్జీ, పడుతుంది, ఫారెక్స్ కార్డులో పౌండ్లు నింపుకుంటే అది ఉండదు. నగదు ఇద్దరికీ 150 పౌండ్లు చాలు.

దుకాణంలోనో ఏటీఎంలోనో రూపాయల్లో తీసుకోమంటారా, పౌండ్లలోనా అని తెర మీద అడుగుతుంది. ఎప్పుడూ పౌండ్లే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం.

ప్రశ్న: వారం రోజులు ఉండటానికి హోటల్ గదులు రోజుకు 20 వేలు చూపిస్తున్నాయి. తక్కువలో మార్గం? – సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: వేసవిలో వెళ్తే ముందు యూనివర్సిటీ హాస్టళ్లు చూడండి. విద్యార్థులు ఖాళీ చేశాక లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ (ఎల్ఎస్ఈ) వంటి సంస్థలు గదులను సందర్శకులకు అద్దెకిస్తాయి. నగరం మధ్యలోనే ఉంటాయి, కొన్నింట్లో వంటగది కూడా. మిగతా నెలల్లో ప్రీమియర్ ఇన్, ట్రావెలాడ్జ్ వంటి హోటళ్లు రెండు మూడు నెలల ముందు తీసుకుంటే ధర బాగా తగ్గుతుంది. హైడ్ పార్కు పక్క వీధుల కోసం పట్టుబట్టకండి. స్ట్రాట్‌ఫర్డ్, వెంబ్లీ, ఈస్ట్‌హామ్ వంటి చోట్ల స్టేషన్‌కు పది నిమిషాల నడకలో గది ఉంటే చాలు. ఈస్ట్‌హామ్‌లో అయితే ఇడ్లీ, దోసె, భోజనం వీధిలోనే దొరుకుతాయి, తిండి ఖర్చు సగానికి పడుతుంది. కెటిల్ ఉన్న గది తీసుకుంటే ఉదయం కాఫీ, ఉప్మా మిక్స్ గదిలోనే కానివ్వొచ్చు. అక్కడి ప్లగ్‌కు మూడు చదరపు పిన్నులు, అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి.

ప్రశ్న: టికెట్ లేకుండా ఏం చూడొచ్చు? – కొరిటెపాడు, గుంటూరు

జవాబు: లండన్‌లో గొప్పవన్నీ దాదాపు ఉచితమే. నేషనల్ గ్యాలరీ, నేచురల్ హిస్టరీ మ్యూజియం, సైన్స్ మ్యూజియం, టేట్ మోడర్న్, వీటన్నింటిలో శాశ్వత ప్రదర్శనలకు డబ్బు తీసుకోరు.

కానీ గుంటూరు నుంచి వెళ్లేవారు మొదట వెళ్లాల్సింది బ్రిటిష్ మ్యూజియానికే. హీత్రో నుంచి వచ్చే పికడిల్లీ లైన్‌లోనే రస్సెల్ స్క్వేర్ దిగి నడవండి. ఉచిత టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకుంటే వరుసలో నిలబడక్కర్లేదు. రోజూ పది నుంచి ఐదు, శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర దాకా. లోపల 33వ గది దాటి 33ఎ అని అడగండి. అమరావతి స్తూపం రాళ్లు అక్కడున్నాయి. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసుకు తరలించినవాటిలో చాలావాటిని 1859లో ఓడ మీద లండన్ పంపారు. పల్నాటి సున్నపురాయి, లేత ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు. తేమ తగలకుండా అద్దం వెనక పెట్టారు. పూర్ణకుంభం, స్తూపాన్నే చెక్కిన పలక, బుద్ధుని పాదాలు తీరిగ్గా చూడండి. ఒక గంట కేటాయించండి. పిల్లలుంటే ముందు అమరావతికి తీసుకెళ్లి, స్తూపం గుండ్రటి పునాది చుట్టూ తిప్పి చూపించి, తర్వాత ఇవి చూపించండి. ఆ ఖాళీలో ఉండాల్సింది ఏమిటో వాళ్లకు అర్థమవుతుంది. ఆ గది కొన్ని రోజులు మూసి ఉంచుతారు, బయల్దేరే ముందు మ్యూజియం సైట్‌లో చూసుకోండి.

డబ్బు పెట్టి చూడాల్సింది ఒక్కటే ఎంచుకోమంటే టవర్ ఆఫ్ లండన్. మనిషికి 35 పౌండ్ల పైనే. అక్కడి కిరీటాల్లో ఉన్న కోహినూరు మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెబుతారు. ఆ గనుల చోటు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది.

బకింగ్‌హామ్ రాజభవనం దగ్గర కాపలా మార్పు చూడ్డం ఉచితం, మామూలుగా సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లో పదకొండింటి ప్రాంతంలో. ఎత్తైన భవనం పై అంతస్తుల్లో ఉన్న స్కై గార్డెన్ ఉచితమే అయినా ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేయాలి, టికెట్లు మూడు వారాల ముందు వదులుతారు. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది. డిసెంబరులో నాలుగింటికే చీకటి, ఆ నెలలో రోజుకు రెండు చోట్లు మించి పెట్టుకోకండి.

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు, షుగర్, గుండెకు స్టెంట్ ఉంది. ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదంటున్నారు, వదిలేయొచ్చా? – లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: వీసాకు తప్పనిసరి కాదు, మీకు తప్పనిసరి. అక్కడ ఎమర్జెన్సీ విభాగంలో చూడ్డానికి డబ్బు తీసుకోరు. వార్డులో చేర్చుకున్న క్షణం నుంచి విదేశీ సందర్శకులకు ఎన్‌హెచ్ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) ఖర్చుకు ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు. కట్టని బాకీ 500 పౌండ్లు దాటితే తర్వాతి వీసాలకు అడ్డం పడుతుంది. పాలసీ తీసుకునేటప్పుడు షుగర్, స్టెంట్ రెండూ రాయించండి. ప్రీమియం పెరుగుతుందని దాచిపెడితే, గుండెనొప్పి వచ్చిన రోజు ఆ పాలసీ ఎందుకూ కొరగాదు. ముందునుంచి ఉన్న జబ్బులు ఎమర్జెన్సీలో వర్తిస్తాయా, ఎంత వరకు అన్న వాక్యం పాలసీలో మీ కళ్లతో చదివాకే డబ్బు కట్టండి.

మందులు స్ట్రిప్పుల్లోనే, చీటీతో సహా చేతిసంచీలో పెట్టండి. ఇన్సులిన్ పెద్ద పెట్టెలో వేయకండి, కింది అరలో గడ్డకట్టే చలి తగలవచ్చు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనిచేయదు. లండన్ సమయం మనకన్నా వేసవిలో నాలుగున్నర, చలికాలంలో ఐదున్నర గంటలు వెనక. ఆ రోజు మోతాదు వేళలు ఎలా జరపాలో డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి. వీల్‌చైర్ ఉచితం, కనీసం 48 గంటల ముందు ఎయిర్‌లైన్స్‌కు చెప్పాలి. మెట్లు ఎక్కగలరా, సీటు దాకా నడవగలరా అని అడుగుతారు, ఉన్నదున్నట్టు చెబితే దానికి తగిన సాయం వస్తుంది. విమానంలో రెండు గంటలకోసారి లేచి నడిపించండి, నడవ పక్క సీటు ముందే తీసుకోండి.

పవర్‌బ్యాంకు పెద్ద పెట్టెలో వేయకూడదు, చేతిసంచీలోనే. 100 వాట్‌అవర్ల లోపుది, అంటే మామూలుగా 27,000 ఎంఏహెచ్ లోపు. ఎమిరేట్స్ 2025 అక్టోబరు నుంచి విమానంలో వాటి వాడకమే ఆపేసింది, కాబట్టి నాన్నగారి ఫోన్ ఎక్కే ముందే నిండా ఛార్జ్ చేయండి. అక్కడ మీరు వెళ్లే ఇంటివాళ్ల నంబరు, చిరునామా మాత్రం ఫోన్‌లోనే కాకుండా ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాసి చొక్కా జేబులో పెట్టండి. ఇమిగ్రేషన్ దగ్గర అడిగితే తీసి చూపిస్తే సరిపోతుంది.